ఎలోయ్ బావ బిగించిన చిన్న పుల్లీ

మా అక్క కొరీనా మొగుడు ఎలోయ్ మాయెస్తాస్ తీరిగ్గా కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు మా లోయలో లేరు. పెళ్ళి విందులో బలవంతంగా కూర్చోబెట్టినా పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గరికి పోయి నిలబడి తింటాడు. చర్చిలో అందరూ మోకరిల్లి ఉంటే ఈయన తలుపు బందులు కిర్రుమంటున్నాయా లేదా అని చూస్తుంటాడు. అక్కకి పెళ్ళయిన కొత్తలో మా అమ్మ అనేది, "ఈ అల్లుడికి దేవుడు కాళ్ళు ముందు చేసి, మిగతా మనిషిని తర్వాత తగిలించాడే" అని.

అలాంటి మనిషికి ఆ ఏడు వసంతంలో సూపర్‌చార్జర్ పిచ్చి పట్టుకుంది. నేను అలమోసాలో బండి సామాన్ల కొట్లో కౌంటర్ చూస్తాను. పొద్దున తాళం తీయడానికి వెళ్ళేసరికి ఆయన పికప్పు ట్రక్కు కొట్టు ముందు ఇంజన్ ఆపకుండా నిలబడి ఉండేది. ఆయన కాలు కాలిన పిల్లిలా దాని చుట్టూ తిరుగుతుండేవాడు.

"మరదలా, ఇంజన్ నెత్తిన కూర్చునేది మంచిదా, పక్కన వేలాడేది మంచిదా?"

"ముందు నన్ను లోపలికి పోనీ బావా. లైటన్నా వెయ్యనీ."

"లైటు వేస్తూ చెప్పొచ్చుగా."

"పక్కన వేలాడేది చవక. నెత్తిన కూర్చునేది గట్టిది. నిన్నా ఇదే చెప్పాను, మొన్నా ఇదే చెప్పాను."

"నిన్న నువ్వు చిరాగ్గా ఉన్నావు. చిరాకులో చెప్పిన మాట లెక్కలోకి రాదు."

ఇదీ వరస. తెలియనివాళ్ళకి సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. పెట్రోలు మండాలంటే గాలి కావాలి. మా లోయ ఏడున్నర వేల అడుగుల ఎత్తున ఉంటుంది, లోయ దాటించే కనుమ ఇంకా పైన. ఇక్కడ గాలి పల్చన. కింది ఊళ్ళలో మహా జోరుగా లాగే బండి మా కనుమ ఎక్కేటప్పుడు రొప్పుతుంది. సూపర్‌చార్జర్ అంటే ఇంజన్ బెల్టుతోనే తిరుగుతూ, ఆ ఇంజన్ నోట్లోకే గాలిని బలవంతంగా కుక్కే యంత్రం. కుర్రాళ్ళు దాన్ని రోడ్డు మీద హోరెత్తించడానికి పెట్టుకుంటారు. అరవై దాటిన మా బావకి అది దేనికో చెప్పాలంటే ముందు మా అక్క ఊపిరితిత్తుల గురించి చెప్పాలి.

అక్క వయసులో ఉన్నప్పుడు బంగాళాదుంపల గోదాముల్లో పనిచేసింది. మట్టి దుమ్ములో నిలబడి బెల్టు మీద వచ్చే దుంపల్లోంచి రాళ్ళూ కుళ్ళూ ఏరడం పని. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఊపిరాడటం లేదని తీసి పారేసేది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బడి వంటింట్లో చేసింది. ఇప్పుడు ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. మూలగదిలో ఆక్సిజన్ యంత్రం రాత్రీ పగలూ గురగురలాడుతుంది. దాన్నుంచి బయల్దేరిన సన్న గొట్టం హాలు దాటి, వంటింట్లోకి పాకి, ఆమె ముక్కుకు చేరుతుంది. బావ పచార్లు చేస్తూ ఆ గొట్టాన్ని అటొకసారీ ఇటొకసారీ దాటుతూనే ఉంటాడు.

ఆ శీతకాలం చివర్లో డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి (బావ నిలబడే ఉన్నాడు) మొహమాటం లేకుండా చెప్పింది. "మందులైతే నేనివ్వగలను, గాలి ఎక్కణ్ణుంచి తేను? ఈ ఎత్తులో ఆవిడ గుండె రోజంతా కొండెక్కుతున్నట్టే ఉంది. కిందికి దిగిపొండి. నాలుగు వేల అడుగులకి తక్కువలో ఎక్కడైనా సరే. ఇంకో చలికాలం ఇక్కడ గడపొద్దు."

"దిగుతాను. నాకు బతకాలనుంది" అంది అక్క, అక్కడే.

బావ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, "బండి ఎండలో ఉంది" అని బయటికి పోయాడు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నాకు మండిపోయింది. వెనకే పోయి నాలుగు దులపబోయాను గానీ, ట్రక్కు ముందు చక్రాన్ని కాలితో తన్నుకుంటూ నిలబడ్డ మనిషిని చూసి నోరు రాలేదు.

అప్పుడు నోరు రాకపోవడానికి కారణం ఉంది. బావ ఉద్యోగం చేసినన్నాళ్ళూ లా వేటా కనుమ మీద మంచు తోసే బండి నడిపాడు. మా లోయలో ఎవరికి నొప్పులొచ్చి పెద్దాసుపత్రికి పోవాలన్నా, ఎవరి శవం పరాయి ఊరినుంచి ఇంటికి చేరాలన్నా కనుమ తెరుచుకోవాలి. తెరిచేవాడు ఎలోయ్. టిఫిన్ హోటల్లో ఆయన గుమ్మంలోకి వస్తే చాలు, బల్లల దగ్గర మాటలాగి అందరూ ఆయన మొహం చూస్తారు, ఈ వారం మంచు పడుతుందా పడదా అని. కాఫీకి ఇప్పటికీ ఎవరూ ఆయన్ని జేబులో చెయ్యి పెట్టనివ్వరు. అందరినీ దాటించిన మనిషి తను మాత్రం ఆ కనుమ అవతల పట్టుమని వారం కూడా ఉండలేదు.

మర్నాటికే ఆయన దగ్గర ఉపాయం తయారైంది.

"మకాం మార్చడం దేనికే? మన చక్రాల గది ఉంది కదా, ట్రక్కుకి తగిలించుకుని శుక్రవారం శుక్రవారం కిందికి దిగుతాం. లామార్లో నది పక్కన పెట్టుకుంటాం. మూణ్ణాలుగు రోజులు మీ అక్క గాలి పీల్చుకుంటుంది. సోమవారం తిరిగొస్తాం."

"ఆ ఇనప గదిని తగిలించుకుని నీ ట్రక్కు కనుమ ఎక్కుతుందా బావా? పోయినేడు సగంలో పొగలు కక్కింది."

"అందుకేగా సూపర్‌చార్జర్!"

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది. నేనదే అన్నాను. వారానికి సగం రోజులు గాలి పీల్చి, మిగతా సగం రోజులు ఉగ్గబట్టుకోవడం ఏం వైద్యమని అడిగాను. ఆయన వినిపించుకుంటేనా. ఆయనకి ఇంజన్‌ని బాగుచెయ్యడం తెలుసు, మనిషిని బాగుచెయ్యడం తెలీదు. తెలిసిన పనిలో తల దూర్చేశాడు.

అక్క మాత్రం వంటింట్లోంచి ఒక్కో ముక్కకీ ఆగుతూ అంది, "ట్రక్కుకి... ఊపిరి కొనిపెడతాడట. పెళ్ళాం... దాని వెనక వరసలో నిలబడాలి."

బావ చెవులు ఎర్రబడ్డాయి. గొట్టం దాటుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఇక మొదలైంది సూపర్‌చార్జర్ కిట్టు వేట. పక్కన వేలాడే రకం బిగించడం సుళువు. కాకపోతే ఇంజన్ గొంతు చించుకుని అరిస్తే తప్ప అది గాలి ఇవ్వదు. బరువు లాగే బండికి మెల్లగా కదిలేటప్పట్నుంచే సత్తువ కావాలి. ఆ సంగతి బావకి నాకంటే బాగా తెలుసు. అయినా దాని బొమ్మ చూపించమని అడుగుతూనే ఉండేవాడు. నెత్తిన కూర్చునే రకం కుదురైంది, మొదటి తొక్కుడుకే లాగుతుంది, కానీ ఇంజన్ పైభాగమంతా విప్పాలి. మూడోది ఆంతోనీతో ఊళ్ళో పాత బండ్లు విప్పి అమ్మే మా నెస్తోర్ దగ్గరున్న పాతది, దెబ్బతిన్న బండిలోంచి ఊడదీసింది. దాన్ని చూడ్డానికి నన్నూ లాక్కుపోయాడు. బావ దాని ఇరుసుని వేలితో తిప్పి చెవి ఆనించాడు.

"ఇదేంట్రా, గీరుతోంది?"

"గీరడం కాదన్నా, పాడుతోంది" అన్నాడు నెస్తోర్.

"పాడ్డం కాదు, ఏడుస్తోంది. నీ దగ్గర ఇంకో వారం ఉంటే నేనూ ఏడుస్తా" అని లేచొచ్చేశాడు. దారిలో మాత్రం, "బేరింగులు మారిస్తే?" అని నన్నే అడిగాడు. ఇంటికొచ్చాక వద్దనుకున్నాడు. పొద్దున మళ్ళీ కావాలనుకున్నాడు. నెత్తిన కూర్చునేదే తీసుకుంటానని మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పి, సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి వచ్చి, "ఇంకా ఆర్డర్ పెట్టలేదుగా?" అన్నాడు.

అక్క ఒకరోజు అననే అంది. "నన్ను చేసుకునేటప్పుడు... ఇంత వెతికావా?"

"వెతికితే నువ్వు దొరుకుతావా? ఈపాటికి ఇంకా వెతుకుతూనే ఉండేవాణ్ణి" అన్నాడు. అక్క నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గేదాకా బావ ఆమె వీపు మీద చెయ్యి వేసి, కళ్ళు మాత్రం కిటికీలోంచి కనుమ వైపు పెట్టుకుని నిలబడ్డాడు. నాకు ఆయన మీద జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ వసంతమంతా నాకు అలాగే గడిచింది.

ఒకరోజు కౌంటర్ దగ్గర ఎవరూ లేనప్పుడు అడిగేశాను. "బావా, నిజం చెప్పు. లామార్లో చిన్న ఇల్లు అద్దెకి దొరకదా? నీకేం అడ్డం?"

చాలాసేపు వైపర్ బ్లేళ్ళ అట్టపెట్టెలు సర్దాడు, నేను సర్దినవే. తర్వాత అన్నాడు, "ఇక్కడ నా మొహం చూసి జనం ప్రయాణాలు మానుకుంటారే. అక్కడ నా పేరు రెండుసార్లు చెప్పాలి. అక్కడ నేనెవర్ని?"

"నువ్వు మా అక్క మొగుడివి."

"అదొక్కటే అయితే చాలదు మరదలా" అన్నాడు. అని, తనే సిగ్గుపడ్డట్టు పెట్టె కింద పెట్టి వెళ్ళిపోయాడు.

చివరికి నెత్తిన కూర్చునే రకమే ఖాయమైంది. అమ్మే కంపెనీతో నా కౌంటర్ మీది ఫోన్నించే మాట్లాడాం. అవతల వెండెల్ అనే నెమ్మదస్తుడు. బండి మోడల్ అడిగాడు, లాగే బరువు అడిగాడు. తర్వాత, "మీ బండి ఎంత ఎత్తులో ఉంటుంది సార్?" అన్నాడు.

బావ గర్వంగా చెప్పాడు.

"కిందికి దిగుతుందా ఎప్పుడన్నా?"

బావ నా వైపు చూశాడు. "దిగుతుంది. దిగి, వచ్చేస్తుంది."

"అయితే యంత్రానికి బెల్టు పట్టే చక్రం ఉంటుంది కదా, కిట్టుతో వచ్చే ఆ పెద్ద పుల్లీనే ఉంచెయ్యండి. చిన్న పుల్లీ కూడా అమ్ముతాం, అది వేస్తే యంత్రం ఇంకా జోరుగా తిరిగి ఎక్కువ గాలి కుక్కుతుంది. మీ ఎత్తులో అది భేషుగ్గా ఉంటుంది. కానీ కింద గాలే చిక్కన కదా. అక్కడా అంతే జోరుగా కుక్కితే ఇంజన్ తట్టుకోలేదు, టకటక కొట్టుకుంటుంది. మొండికేసి తోలితే పిస్టన్లు పోతాయి. పెద్దదైతే పైన కాస్త తగ్గినా రెండుచోట్లా నడుస్తుంది."

ఎంతో మర్యాదగా, ఎంతో విడమరిచి చెప్పాడు. మేం వినలేదు. మేం అంటున్నాను, ఎందుకంటే నేనూ వినలేదు. మా లోయలో పుట్టిన వాళ్ళెవరూ పెట్టె మీద రాసిందాన్ని ఉన్నదున్నట్టు నమ్మరు. పెట్టె మీద ఎంతసేపు ఉడకబెట్టమని ఉంటే మా ఎత్తులో చిక్కుడు గింజలకి అంతకు రెండింతలు పడుతుంది. పెట్టె మీద చెప్పినట్టు కేకు చేస్తే మా పొయ్యిలో పొంగి, నడుం విరిగి, కూలబడుతుంది. ప్రపంచంలో తయారయ్యేదంతా కిందివాళ్ళ కోసం తయారవుతుందనీ, మనకి తగ్గట్టు మనమే దిద్దుకోవాలనీ మాకు ఉగ్గుపాలతో పోస్తారు. బావ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "కిందివాడు, వాడికేం తెలుసు?" అన్నాడు. నేను తలూపాను. చిన్న పుల్లీ కూడా ఆర్డర్లో రాయించాం.

జూలై అంతా పెరట్లో పనే. బావ ఇంజన్ పైభాగం విప్పి దుప్పటి మీద వరసగా పరిచాడు. అక్క వరండాలో గొట్టంతో కూర్చుని, "ఆ పక్కది... పడిపోతుంది చూడు" అంటూ పెత్తనం చేసింది. సెలవు రోజుల్లో నేను బోల్టులు అందించాను. మిరపకాయలు కాల్చి, కూర చేసి, టోర్టిల్లా రొట్టెల్లో చుట్టి ఇస్తే బావ నిలబడే తినేవాడు, ఒక చేత్తో రెంచి పట్టుకుని. బిగింపు అయింది. కొత్త బెల్టు, చిన్న పుల్లీ, తాళం తిప్పగానే సన్నటి ఈల. ఇల్లలకగానే పండగ కాదని నేను అంటూనే ఉన్నాను.

పండగే అయింది, ఆ రోజుకి. చక్రాల గది తగిలించుకుని కనుమ ఎక్కాం, నేనూ ఆయనా. ఎక్కడ బండి రొప్పేదో అక్కడ కాలు నొక్కాడు. నా వీపు సీటుకి అతుక్కుంది. ముందు గొర్రెల లారీ పోతుంటే దాటేశాడు, ఆ తర్వాత సామాన్ల లారీనీ దాటేశాడు. కనుమ నెత్తిన బండి ఆపి, దిగి, పొలికేక పెట్టాడు. చాన్నాళ్ళ తర్వాత బావ మొహంలో మా బావ కనిపించాడు. ఇంటికొచ్చి అక్క బుగ్గలు రెండూ నూనె చేతుల్తో పట్టుకుని, "ఇంక నిన్ను ఎప్పుడంటే అప్పుడు కిందికి తీసుకెళ్తా, ఎప్పుడంటే అప్పుడు తెస్తా!" అన్నాడు.

"తేవడం... ఎందుకూ?" అంది అక్క. ఆయన విననట్టు చేతులు కడుక్కోవడానికి పోయాడు.

ఆగస్టు చివర్లో మొదటి ప్రయాణం. ముందు వాళ్ళిద్దరూ, వెనక సీట్లో నేను, నా పక్కన ఆక్సిజన్ సిలిండరు. కనుమ ఎక్కేటప్పుడు అక్క కళ్ళు మూసుకుంది, పెదాలు నీలంగా ఉన్నాయి. బావ ఈల వేస్తూ తోలాడు. దిగడం మొదలయ్యాక ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూడ్డానికి ఆమె వేలికి పెట్టుకునే చిన్న మిషను మీద అంకె పెరగడం మొదలైంది. ప్యూబ్లో దగ్గర పెట్రోలుకి ఆగాం. అక్కడ ఆమె గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పెట్టుకో అక్కా."

"ఉండవే, చూడనీ."

అక్కణ్ణుంచి తూర్పుగా, చదునుగా, ఎండలో మాడుతూ పోయే రోడ్డు. ఎదురు గాలి. అక్క మాట్లాడటం మొదలుపెట్టింది. గోదాములో పనిచేసినప్పుడు మేస్త్రీ టోపీలో ఎలుక దూరిన కథ. మధ్యలో ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా, చేతులు తిప్పుతూ చెప్తోంది. నాకు కథ వినపడటం లేదు. మా అక్క ఒక మాటని చివరిదాకా ఒకే ఊపిరితో చెప్పి ఎంత కాలమైందా అని, అదే వింటున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగి కిటికీ వైపు తిరిగాను.

అప్పుడే వినిపించింది. రేకు డబ్బాలో చిక్కుడు గింజలు పోసి ఊపినట్టు, ఇంజన్లోంచి.

బావ మొహం మారిపోయింది. కాలు తీస్తే తగ్గుతోంది, నొక్కితే మళ్ళీ. మెడ ముందుకు సాచి వింటున్నాడు. అక్క కథలో ఎలుక దగ్గరికి వచ్చింది.

"ఉష్" అన్నాడు బావ.

"ఏంటీ?"

"కాసేపు నోరుముయ్యవే, ఇంజన్ విననీ!"

అక్క మెల్లగా ఆయన వైపు తిరిగింది. "ఏడాదై నోట మాట పెగలక చస్తున్నాను ఎలోయ్. ఇవాళ పెగిలింది. నువ్వు నన్ను నోరుముయ్యమంటున్నావు, దాన్ని వినడానికి."

ఆయన రాకీ ఫోర్డ్ ఊరికి ఇవతల రోడ్డు పక్కన కర్బూజా పళ్ళు అమ్మే పందిరి కనిపిస్తే అక్కడికి తిప్పి ఆపాడు. మూత ఎత్తి లోపలికి వంగాడు. వేడి మొహాన కొడుతోంది. నేను దిగి పక్కన నిలబడ్డాను.

"పుల్లీ" అన్నాడు నా వైపు చూడకుండా. "వాడు చెప్పిందే. గాలి ఎక్కువైంది."

"మెల్లగా తోలితే?"

"మెల్లగా తోలితే లామార్ చేరుతుంది. వెనక్కి పోయేటప్పుడు ఎత్తు పెరిగేకొద్దీ దానంతటదే బాగవుతుంది." బోల్టు ఏదో వదులైందేమోనన్నట్టు ఒక్కోటీ పట్టి చూస్తున్నాడు. ఏదీ వదులు కాలేదు. ఆయన చేతులే ఆగడం లేదు.

నేను తలెత్తి చూసేసరికి అక్క బండిలో లేదు. పందిరి వెనక కర్బూజా చేను. రెండు సాళ్ళ మధ్య నడిచిపోతోంది. సిలిండరు బండిలోనే ఉంది. గొట్టం సీటు మీద పడి ఉంది. పిలవబోయాను. పిలవలేదు. ఆమె తొందర పడటం లేదు, ఆగడమూ లేదు. దేన్నీ పట్టుకోవడం లేదు. చేను చివర కాలవ గట్టు దాకా వెళ్ళి, అక్కడ నిలబడి అటూ ఇటూ చూసి, తిరిగి వస్తోంది, మధ్యలో ఒక పండు వంగి కోసి నడుమున పెట్టుకుని.

"బావా, చూడు."

"ఉండు, ఈ బెల్టు..."

"బెల్టు వదిలెయ్. అక్కని చూడు."

చూశాడు. చేతిలో మసిగుడ్డ అలాగే ఉంది. మా ఇంట్లో ఆమె మంచం నుంచి వంటింటికి రావడానికి మధ్యలో కుర్చీ వేసి ఉంచుతాం, కూర్చుని పోవడానికి. ఆ కుర్చీ ఆయనే వేశాడు. ఆమె చేనంతా నడిచి దగ్గరికొచ్చే దాకా ఆయన కదల్లేదు.

"ఎక్కడిదాకా పోయావే?"

"కాలవ దాకా. ఏం, పోకూడదా?" ఇంకా కోపంగానే ఉంది. "కత్తి ఇటివ్వు."

పండు కోసి ఆయనకే ముందు ముక్క ఇచ్చింది. తిన్నాడు. రసం చొక్కా మీద కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత లామార్ చేరేదాకా సైకిలు మీద పోయేవాడు కూడా మమ్మల్ని దాటేసేంత మెల్లగా తోలాడు. దారి పొడుగునా అక్క ఎలుక కథ పూర్తి చేసింది. ఆయన విన్నాడు.

నాకు సోమవారం కొట్టు ఉంది కాబట్టి ఆదివారం బస్సెక్కి వచ్చేశాను. సోమవారం జరిగింది అక్క తర్వాత చెప్పింది. పొద్దున బావ మాట లేకుండా అన్నీ సర్దాడట. చక్రాల గదిని తగిలించాడు, అద్దాలు తుడిచాడు. ఇద్దరూ బండెక్కారు. అక్క సంచిలోంచి గొట్టం తీసి, విప్పి, ముక్కుకు పెట్టుకుని, చెవుల వెనక సర్దుకుంది. దెప్పలేదు, ఏడవలేదు. పైకి పోతున్నాం కదా అని పెట్టుకుంది, అంతే.

బావ తాళం తిప్పలేదట. తాళం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?" అందట అక్క.

"ఇంజన్ బాగోలేదు."

"పైకి పోతే బాగవుతుందన్నావుగా."

"అవుతుంది. ఇంజన్ బాగవుతుంది" అన్నాడట. అని, స్టీరింగు మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. అక్క వీపు నిమురుతూ కూర్చుంది. తర్వాత ఆయన దిగి, చక్రాల గదిని ట్రక్కు నుంచి విప్పేశాడు.

నాకు ఫోను వచ్చింది బుధవారం పొద్దున, కౌంటర్ దగ్గర. గొంతు వినగానే బావ అని తెలిసింది, వెనక గాలీ పిట్టలూ.

"మరదలా, పెద్ద పుల్లీ అక్కడే మీ కొట్టు అరలో ఉంది కదా, కిట్టుతో వచ్చింది. ఇటు పంపు."

"మొదటే చెప్పాడు కదా బావా ఆ వెండెల్..."

"చెప్పాడు. నువ్వు దెప్పకు. నువ్వూ తలూపావు."

"ఊపాన్లే. సరే, రేపటి బస్సులో వేస్తా. మార్చేశాక ఆ చిన్నదాన్ని జాగ్రత్తగా దాచిపెట్టు. మళ్ళీ ఇటు వచ్చినప్పుడు బిగించుకోవాలిగా."

అవతల ఎక్కడో దూరంనుంచి అక్క కేకేస్తోంది, కాఫీ చల్లారిపోతోందని. అంత దూరంనుంచి, అంత గట్టిగా.

"వస్తున్నానే!" అని, మళ్ళీ ఫోన్లోకి అన్నాడు. "దాచడం ఎందుకులే. విప్పాక నీకు పంపేస్తా. కొట్లో పెట్టుకో. అక్కడివాళ్ళు ఎవరికన్నా పనికొస్తుంది."

నేను సరేనన్నాను. ఫోను పెట్టేశాక గానీ ఆ మాట నాకు తగల్లేదు. పుట్టినప్పట్నుంచీ మా గురించి 'మనవాళ్ళు' అనే తప్ప ఇంకోలా అనని మనిషి, 'అక్కడివాళ్ళు' అన్నాడు. నేను కౌంటర్ కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి, ఏడుపు ఆగేదాకా లేవలేదు.